గొంతు నొప్పి మామూలేనండి

రిటైరయ్యాక ఒకసారి మా పాత ఆస్పత్రి వాళ్ళు పిలిచారు. మత్తు విభాగంలో కొత్తగా చేరిన పిల్లలతో కాసేపు కూర్చుని మాట్లాడమన్నారు. "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదైనా చెప్పండి మేడమ్" అని ఒకమ్మాయి అడిగింది. బల్ల మీద గుండె ఆగిపోయి మళ్ళీ కొట్టుకున్న కేసో, వరదల్లో పడవ మీద తెచ్చిన కాన్పు కేసో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివీ ఉన్నాయి. కానీ నాకు ముందు గుర్తొచ్చింది ఒక గొంతు నొప్పి. ఆ మాట అనగానే వెనక వరసలో ఇద్దరు ఫోన్లు బయటికి తీశారు. వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళ వయసులో నేనూ అంతే. ఆ రోజు టైము చాలక సగంలో ఆపేశాను. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా ఇప్పుడిప్పుడే ఈ ఉద్యోగంలోకి వస్తుంటే, ఫోను పక్కన పెట్టి చదవండి.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా చేశాను. నా సర్వీసు చివరి రోజుల్లో మా దగ్గర బరువు తగ్గించే ఆపరేషన్లు మొదలయ్యాయి. చేసే సర్జన్ గారు మండపేట రైసుమిల్లు వాళ్ళ అబ్బాయి, నాకంటే బాగా చిన్నవాడు. బయట పెద్ద ఊళ్ళలో నేర్చుకుని వచ్చాడు. చెయ్యి చురుకు, మాట ఇంకా చురుకు. "మా మిల్లులో బియ్యం తిని లావైనవాళ్ళని నేనే సన్నం చేస్తున్నాను, పాపం కడిగేసుకుంటున్నాను మేడమ్" అని నవ్వించేవాడు.

ఆ ఆపరేషన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ, జీర్ణాశయంలో చాలా భాగం కత్తిరించి తీసేస్తారు. మిగిలేది సన్నటి అరటికాయంత సంచి. ఆ సంచి మరీ ఇరుకు కాకుండా, మరీ వదులు కాకుండా ఉండటానికి నోట్లోంచి ఒక లావుపాటి మెత్తని గొట్టం కడుపులోకి దింపుతాం. దాన్ని బూజీ అంటాం. సర్జన్ దాని పక్కనుంచి కొలత పెట్టుకున్నట్టు కోసుకుంటూ వెళతాడు. ఆ బూజీని దింపే పని మత్తు డాక్టరుది.

అంటే ఆ రోజు పేషంటు గొంతులోకి ముగ్గురు చుట్టాలొస్తారన్నమాట. ముందు నాలుకని పక్కకి నెట్టి దారి చూపించే కెమెరా బ్లేడు. తర్వాత శ్వాసనాళంలోకి వెళ్ళే గొట్టం, దాని చివర గాలి ఊదిన చిన్న బుడగ. చివరగా ఈ బూజీ. ముగ్గురూ వచ్చి వెళ్ళాక గొంతు నొప్పి పుట్టకపోతేనే ఆశ్చర్యం. అందుకే మర్నాడు పేషంట్లు గొంతు పట్టుకుని అడిగితే, మేమందరం ఒకే పాట పాడేవాళ్ళం. "మామూలేనండి. రెండ్రోజుల్లో పోతుంది." చాలామందికి నిజంగానే పోయేది.

దీని మీద మాకు ఒక సరదా పోట్లాట కూడా ఉండేది. "మీ గొట్టం వల్లే మేడమ్" అనేవాడు సర్జన్. "మీ బూజీ వల్లే" అనేదాన్ని నేను. "వేసేది మీరే కదా?" "వెయ్యమనేది మీరు కదా?" ఆపరేషన్ థియేటర్లో అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో ఒక గొంతు మాత్రం వినిపించేది కాదు. మా విభాగంలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరుది. ఉప్పాడ పక్క పల్లె వాళ్ళది. వాళ్ళ పాత ఇల్లు సముద్రంలో కలిసిపోయిందని ఒకసారి చెప్పాడు, నిన్న వాన పడిందన్నంత మామూలుగా. చెయ్యి చాలా మంచిది. ఎంత సన్నటి నరమైనా సూది ఒక్కసారికే ఎక్కించేవాడు. లోపం ఒక్కటే, నోరు విప్పడు. తెలియనిది అడిగితే చులకన అయిపోతానని అతని భయం. సర్జన్ చురుకుదనం ముందు ఆ భయం ఇంకా పెరిగేది.

ఇక ఆ గొంతు నొప్పి ఎవరిదో, ఆవిడ గురించి. తణుకులో వాళ్ళకి చీరల షాపు. భర్త గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి, నెమ్మదస్తుడు. అమ్మకమంతా ఈవిడదే. రోజూ మధ్యాహ్నం ఫోను స్టాండుకి పెట్టి లైవులో చీరలు చూపించేది. ఒక్కో చీర విప్పి, భుజాన వేసుకుని, అంచు గురించీ కొంగు గురించీ ఊపిరి సలపకుండా చెప్పేది. నేనూ తర్వాత చూశాను. కొనే ఉద్దేశం లేనివాళ్ళని కూడా కూర్చోబెట్టే గొంతు అది.

ఆపరేషన్‌కి ముందు నా గదికి పరీక్షకి వచ్చింది. అత్తగారు కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"లైవులో చీరల కంటే నా నడుము మీదే ఎక్కువ కామెంట్లండి" అంది నవ్వుతూ. "కానీ అందుకోసం కాదు. షాపు పైఅంతస్తులో స్టాకు ఉంటుంది. మెట్లెక్కలేకపోతున్నాను. మోకాళ్ళు పోయాయి, షుగరొచ్చింది. రాత్రి గురక పెడుతుంటే మా ఆయన హాల్లో పడుకుంటున్నారు."

"తిండి తగ్గించుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం ఏంటో" అంది అత్తగారు, నాకు వినపడేట్టే.

"తగ్గించి చూశాను కదా అత్తయ్యా. మీరే కదా మళ్ళీ నెయ్యి వేశారు?"

ఆ పెద్దావిడ మొహం పక్కకి తిప్పుకుంది. నాకు నవ్వొచ్చింది. వాళ్ళిద్దరికీ మధ్య ఉన్నది పోట్లాట కాదని అప్పుడే అర్థమైంది.

వెళ్ళబోతూ ఆవిడ ఆగింది. "గొంతుకేం కాదు కదండీ? నాకు గొంతే షాపు."

"కాస్త నొప్పి ఉంటుంది. మామూలే" అన్నాను. అందరికీ చెప్పే మాటే.

ఆపరేషన్ రోజు నేనే మత్తిచ్చాను. బరువున్న మనిషి కాబట్టి తల, భుజాలు ఎత్తుగా ఉండేట్టు దిండ్లు పేర్చి, కెమెరా బ్లేడుతో చూస్తూ శ్వాస గొట్టం వేశాను. సులువుగా వెళ్ళింది. ఆపరేషన్ మొదలైన కాసేపటికి పక్క థియేటర్ నుంచి పిలుపొచ్చింది. కాన్పు కేసు, కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, వెంటనే రమ్మని. ఈవిడని కుర్ర డాక్టరుకి అప్పగించి వెళ్ళాను. అతనికి అప్పటికి ఆ పని కొత్తేమీ కాదు. బూజీలు చాలానే దింపాడు.

అక్కడ బిడ్డ ఏడుపు విన్నాక తిరిగొచ్చేసరికి ఇక్కడ కోయడం, కుట్లు వేయడం పూర్తయ్యాయి. బూజీ బయటికి తీసి ట్రేలో పెట్టేశారు.

"అంతా బాగానే అయిందా?"

"అయింది మేడమ్" అన్నాడు, మానిటర్ వైపు చూస్తూ. మత్తు డాక్టర్లం అందరం మానిటర్ వైపు చూస్తూనే మాట్లాడతాం. అందులో వింతేం కనబడలేదు.

మర్నాడు పొద్దున రౌండ్లకి వెళ్ళేసరికి వార్డు సిస్టరు నా కోసమే నిలబడి ఉంది.

"మేడమ్, తణుకు ఆవిడ నీళ్ళు తాగట్లేదండి. చెంచాడు పడతామన్నా వద్దంటున్నారు. గొంతు నొప్పట. డ్యూటీ డాక్టరు గారు మామూలే అన్నారు."

మామూలే. ఆ మాట మా ఆస్పత్రి గోడలకి కూడా వచ్చేసింది. సరే అని లోపలికి వెళ్ళాను.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో స్టీలు గ్లాసు. నీళ్ళు తాగడానికి కాదు, ఉమ్మడానికి. నోట్లో ఊరిన ఉమ్ము కూడా మింగలేక అందులో ఉమ్ముతోంది. ఎలా ఉందని అడిగితే మాట ముద్దగా వచ్చింది, వేడి అన్నం నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు. చెంచాతో రెండు చుక్కలు నీళ్ళు పెదవుల దగ్గర పెట్టాను. మింగబోయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. పొట్ట మీద కుట్ల నొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

మెడ మీద చెయ్యి వేశాను. దవడ కింద, కుడి పక్కన, చర్మం కాస్త ఉబ్బినట్టుంది. వేలితో నొక్కితే లోపల చిటపటమంది. సగ్గుబియ్యం వడియాల మీద మెత్తటి గుడ్డ కప్పి నొక్కితే ఎలా ఉంటుందో అలా. అంటే చర్మం కింద గాలి చేరింది. నాడి వేగంగా ఉంది. ఒళ్ళు కొద్దిగా వెచ్చగా ఉంది.

సర్జన్‌కి కబురు పెట్టాను. వచ్చి ఆయనా నొక్కి చూశాడు.

"ఇది గ్యాస్ మేడమ్. కెమెరా కోసం పొట్టలో ఊదింది చర్మం కింద నుంచి పైకి పాకి ఉంటుంది. సాయంత్రానికి ఇంకిపోతుంది."

అది అవకాశం లేని మాట కాదు. నేను కూడా అలాంటివి చూశాను. అవి వాటంతట అవే తగ్గిపోయాయి కూడా. "మరి ఈ మింగలేకపోవడం?" అన్నాను. "గొంతు నొప్పికి కొందరు ఎక్కువ భయపడతారు మేడమ్. స్కాన్ చేయాలంటే తెర మీద తెల్లగా కనబడే మందు తాగించాలి, ఇప్పుడు ఆవిడ ఏం తాగుతుంది? రేపటిదాకా చూద్దాం." ఆయన మొండివాడేం కాదు. ఆయన చెప్పినదాంట్లో లెక్క ఉంది. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఎందుకు ఒప్పలేదో చెప్పమంటే గట్టి కారణం చేతిలో లేదు.

వరండాలోకి వచ్చాం. సర్జన్ ముందు నడుస్తున్నాడు. లిఫ్టు దగ్గర వెనక నుంచి "మేడమ్, ఒక్క మాట" అని వినిపించింది. కుర్ర డాక్టరు. ఇందాకటి నుంచీ మా వెనకే ఉన్నాడు, నేను గమనించలేదు. మొహంలో రక్తం లేదు.

"నిన్న బూజీ మొదటిసారి దిగలేదు మేడమ్. గొంతు కింద ఆగిపోయింది. పొట్ట కెమెరా స్క్రీను మీద బూజీ ఇంకా కనబడలేదని, త్వరగా త్వరగా అన్నారు సర్. కాస్త గట్టిగా తోశాను. ఒక్కసారిగా వదిలేసినట్టు జారింది. అది సరైన దారి కాదనిపించి వెనక్కి తీసి మళ్ళీ వేశాను. రెండోసారి బాగానే వెళ్ళింది. చివర్లో బయటికి తీసినప్పుడు కొసకి కొంచెం రక్తం అంటుకుని ఉంది. మామూలే అనుకున్నాను."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. భయం వచ్చింది. అన్నవాహిక మొదలయ్యే చోట గొంతు గోడ చాలా పలచన. అక్కడ చిరిగితే గాలీ, ఉమ్మూ, ఉమ్ముతో పాటు క్రిములూ మెడ కండరాల మధ్యకి చేరతాయి. అక్కడి నుంచి ఛాతీలోకి దారి తెరిచే ఉంటుంది. ఛాతీలోకి దిగిందంటే మనిషి దక్కడం కష్టం. మామూలు పద్ధతి ప్రకారం ఆ మధ్యాహ్నం ఆవిడ చేత నీళ్ళూ, మజ్జిగ తేటా తాగించాలి. బలవంతంగానైనా గుక్క గుక్కగా పట్టమని నర్సులకి చెబుతాం. అలా పట్టిన ప్రతి గుక్కా ఆ చిరుగులోంచే వెళ్ళేది.

సర్జన్ లిఫ్టు ఎక్కకుండా ఆగాడు. అంతా విన్నాడు. వెనక్కి తిరిగి, "నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు, చుక్క కూడా" అని సిస్టరుకి చెప్పి, స్కానింగ్ గదికి తనే ఫోను చేశాడు. ఆవిడని ఒప్పించి రెండు చెంచాల మందు మింగించాం. అది మింగడానికి ఆవిడ పడిన బాధ నేను ఇక్కడ రాయను. స్క్రీను మీద గొంతు పక్కన సన్నటి తెల్లటి చార కనిపించింది, ఉండకూడని చోట. మెడలో గాలి కనిపించింది. ఛాతీ మాత్రం ఇంకా శుభ్రంగా ఉంది.

ఆ 'ఇంకా' అన్న మాట మాకు దక్కింది కుర్రాడు లిఫ్టు దగ్గర నోరు విప్పడం వల్లే.

సర్జన్ గదిలో కూర్చున్నాం. చెవి ముక్కు గొంతు డాక్టరు గారికి కబురు వెళ్ళింది. చేయాల్సిన వైద్యం గురించి మాకెవరికీ సందేహం లేదు. సందేహమల్లా ఇంకోటి.

"ఇంట్లో వాళ్ళకి ఏం చెబుదాం?" అన్నాడు సర్జన్. అంతలో ఆస్పత్రి మేనేజరు కూడా వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఈ ఆపరేషన్‌లో అరుదుగా వచ్చే సమస్య అని చెప్పండి సర్. అబద్ధం కాదు కదా. ఆవిడ గొంతు గోడ పలచగా ఉందని అంటే సరిపోతుంది" అన్నాడు.

"గొంతు గోడ అందరికీ అంతే పలచగా ఉంటుంది" అన్నాను.

"నేను చెబుతాను సర్" అన్నాడు కుర్ర డాక్టరు. అతను ఆ గదిలో తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి.

"నువ్వా?" అన్నాడు సర్జన్. "బయట చూశావా, తణుకు నుంచి రెండు కార్లలో దిగారు. నీ మీద పడిపోతారు."

"ఇవాళ్టి నుంచి ఆవిడకి ఇంజెక్షన్లు చెయ్యాల్సింది మనమే కదా సర్. విషయం దాచిపెట్టి రోజూ ఆవిడ మొహం ఎలా చూస్తాం?"

సర్జన్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచాడు. "త్వరగా త్వరగా అన్నది నేను. ఆ ముక్క నేను చెబుతాను. పదండి."

మేనేజరు నా వైపు చూశాడు, పెద్దదాన్ని కదా ఆపుతానేమో అని. నేను చెప్పులేసుకున్నాను.

గదిలో ఆవిడ, భర్త, అత్తగారు ఉన్నారు. మిగతావాళ్ళు బయట ఉన్నారు. సర్జన్ మొదలుపెట్టాడు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఇప్పుడేం చెయ్యాలో దాపరికం లేకుండా చెప్పాడు. తను తొందరపెట్టానని చెప్పాడు. తర్వాత కుర్ర డాక్టరు ముందుకొచ్చి, "గొట్టం తోసింది నేనండి. ఆగినప్పుడు ఆపి ఉండాల్సింది. నిన్ననే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. ఒక్క మాటా మింగలేదు.

భర్త లేచి నిలబడ్డాడు. నెమ్మదస్తుడన్నాను కదా, ఆయన మెడ మీద నరాలు లేచాయి. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. "మీరు... మీరు మాకు..." అని అక్కడే ఆగిపోయాడు. మాటలు భార్యవి, ఆయనవి కావు. ఆ అలవాటు ఆయనకి లేదు.

అప్పుడు అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే అంది. "నువ్వు కూర్చో." కొడుకు కూర్చున్నాడు. ఆవిడ మా ముగ్గుర్నీ ఒక్కొక్కరినీ చూసింది. "పిల్ల బతుకుతుందా?"

"ఇవాళ తెలిసింది కాబట్టి అవకాశం బాగా ఉందండి" అన్నాను. "రెండు మూడు రోజులు గండం."

"అయితే వెళ్ళి చెయ్యాల్సింది చెయ్యండి. మిమ్మల్ని తిట్టాల్సింది చాలా ఉంది. అది తర్వాత తిడతాను. మర్చిపోతాననుకోకండి."

మంచం మీద ఉన్నావిడ ఫోను తీసుకుంది. ఏదో టైపు చేసి తెర మా వైపు తిప్పింది. 'మళ్ళీ మాట్లాడగలనా?'

అందరూ నా వైపే చూశారు. చల్లటి మాట ఒకటి చెప్పడం తేలిక. "మాట్లాడతారు" అన్నాను. "ఎప్పటికి, ఎంత బాగా అన్నది మాత్రం ఇవాళ చెప్పలేను." ఆవిడ తల ఊపి కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాతవి భారమైన రోజులు. నోటికి ఏమీ లేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం, ఈసారి అడుగడుగునా కెమెరాతో చూస్తూ, గొంతు డాక్టరు గారూ నేనూ కలిసి దింపాం. దాంట్లోంచే ఆహారం. మందులు నరంలోకి. ఒక రోజు జ్వరం పెరిగి, మెడ పక్కన ఎర్రబడితే చిన్న గాటు పెట్టి లోపల చేరిన చీము బయటికి పోయే దారి చేశారు. ఆ రోజు భర్త హైదరాబాదు తీసుకెళ్ళిపోతానన్నాడు. సర్జన్ అడ్డు చెప్పలేదు. అక్కడ పెద్దాస్పత్రిలో డాక్టర్లతో మాట్లాడి, అంబులెన్సు సిద్ధం చేయించి, "తీసుకెళతానంటే నేనూ కూడా వస్తాను" అన్నాడు.

అత్తగారు వద్దంది. "ఇక్కడ ఏం జరిగిందో వీళ్ళు చెప్పారు. అక్కడికెళ్ళి కొత్తవాళ్ళ చుట్టూ తిరిగి మళ్ళీ మొదటినుంచీ అడిగే ఓపిక నాకు లేదు." అంబులెన్సు డ్రైవరు టీ తాగి వెళ్ళిపోయాడు.

కుర్ర డాక్టరు డ్యూటీ దిగాక రోజూ ఆ గదికి వెళ్ళేవాడు. మొదట్లో భర్త గుమ్మం దాటనివ్వలేదు. ఇతను బయటే నిలబడి, సిస్టరుని వివరాలడిగి వెళ్ళిపోయేవాడు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆవిడ తనే చెయ్యి ఊపి అతన్ని లోపలికి పిలుస్తోంది. ఫోనులో టైపు చేసి చూపించింది. 'మీది ఉప్పాడ వైపట కదా. అక్కడ నేతవాళ్ళ దగ్గర చీరలు తెస్తాను. మీది ఏ వీధి?'

"మా వీధి ఇప్పుడు లేదండి. సముద్రంలో ఉంది."

ఆవిడ నవ్వబోయి, మెడ మీది గాటు లాగి, ఆపుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఆవిడ టైపు చేస్తూ, ఇతను చెబుతూ మాట్లాడుకున్నారు. తీరం పక్కన మగ్గాలున్న ఇళ్ళ గురించి, తుఫాను వస్తుందంటే ముందు మగ్గం మీది చీర తీసి భద్రం చేసుకునే వాళ్ళ గురించి. అతను అన్ని మాటలు మాట్లాడగలడని మా విభాగంలో ఎవరికీ తెలియదు. భర్త ఆ వేళ గుమ్మానికి అడ్డం నిలబడలేదు. కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

కానీ అతను లోపల నలిగిపోతున్నాడు. ఒక రోజు నా గదికొచ్చి, ఈ పని మానేస్తానన్నాడు. ఏ మందుల కంపెనీలోనో చేరతానన్నాడు. నాకు ఓదార్చడం అంత బాగా రాదు, మా పేషంట్లు నిద్రలో ఉంటారు కదా.

"మానేస్తే నీకు తేలికగా ఉంటుంది" అన్నాను. "బూజీ మాత్రం రేపటినుంచి ఇంకెవరో దింపుతారు. అది గొంతులో ఆగితే చేతికి ఎలా తెలుస్తుందో ఈ ఆస్పత్రిలో నీ అంత బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ సంగతి వాళ్ళకెవరు చెబుతారు?"

లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు డ్యూటీకి వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సర్జన్, నేను, అతను కూర్చుని పద్ధతి మార్చుకున్నాం. బూజీ గొంతు దాటేదాకా కెమెరాతో చూడాల్సిందే. ఆగితే తొయ్యకూడదు. శ్వాస గొట్టం చివరి బుడగలో గాలి ఎంతుందో చేతి అంచనాతో కాకుండా మీటరు పెట్టి చూడాలి. థియేటర్లో ఎవరు "ఆగండి" అన్నా, ఆయా అన్నా సరే, అందరి చేతులూ ఆగాలి. సర్జన్‌కి ఈ చివరిది అలవాటు కావడానికి టైము పట్టింది. ఒకసారి ఆయా నిజంగానే "ఆగండి బాబూ" అంది. కింద పడిన దూది కోసం. ఆయన కత్తెర పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. ఎవరమూ నవ్వలేదు. బయటికొచ్చాక నవ్వుకున్నాం.

జ్వరం తగ్గింది. మెడ వాపు దిగింది. మళ్ళీ స్కాన్ చేస్తే ఆ తెల్లటి చార లేదు. చిరుగు పూడింది. ఆ రోజు ఆవిడ చెంచాడు నీళ్ళు మింగి, కాసేపు ఆగి, "అత్తయ్యా" అంది. బొంగురుగా, గాలి ఎక్కువ మాట తక్కువగా వచ్చింది ఆ పిలుపు. పెద్దావిడ "ఆఁ" అని పలికి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయింది.

మర్నాడు ఆ పెద్దావిడ మాట నిలబెట్టుకుంది. సర్జన్ గదికొచ్చి, ముగ్గుర్నీ పిలిపించి, కుర్చీలో కూర్చుని తిట్టింది. మా చదువుల్ని, మా తొందరని, మా 'మామూలే' అన్న మాటని, దేన్నీ వదల్లేదు. సర్జన్ మొదటినుంచి చివరిదాకా నిలబడే విన్నాడు. అయ్యాక ఆవిడ మంచినీళ్ళడిగింది. కుర్ర డాక్టరు తెచ్చిచ్చాడు. తాగి, "సన్నగా ఉన్నావు, నువ్వేం తినవా?" అని అతన్ని అడిగి వెళ్ళింది.

ఆ గొంతు కుదుటపడటానికి నెలలు పట్టింది. ఈలోగా షాపు లైవులు ఆగలేదు. భర్త చేశాడు. ఆయన కెమెరా ముందు బిగుసుకుపోయి, నెమలికంఠం రంగుని నీలం అని, కనకాంబరం రంగుని ఎరుపు అని చెబుతుంటే, వెనక నుంచి ఈవిడ చీరతో కొడుతూ సరిచేసేది. జనానికి అది తెగ నచ్చిందట. ఈవిడ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాక కూడా ఆయన్ని పక్కన నిలబడమనేవాళ్ళట. గొంతు పూర్తిగా పాతది కాలేదు. కాస్త కిందికి దిగింది, అంచుల్లో చిన్న జీర వచ్చింది. నాకు ఆ గొంతే ఇష్టం. ఆవిడకి అలా అనిపించిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగే హక్కు నాకుందనుకోలేదు.

మరుసటి ఏడాది ఆవిడ మళ్ళీ మా ఆస్పత్రికి వచ్చింది. చాలా సన్నబడింది, మెట్లెక్కే పైకొచ్చింది. కానీ బరువు వేగంగా తగ్గినవాళ్ళలో కొందరికి పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి. ఈవిడకి వచ్చాయి. పిత్తాశయం తీసెయ్యాలి. అంటే మళ్ళీ మత్తు, మళ్ళీ గొంతులో గొట్టం. తణుకులోనే చేయించుకోవచ్చు, విజయవాడ వెళ్ళొచ్చు. ఇక్కడికే ఎందుకొచ్చారో నాకు అర్థం కాలేదు.

"మత్తు నేనే ఇస్తానండి. ఈసారి ఎక్కడికీ కదలను" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకండి మేడమ్. ఆ బాబు ఇస్తే బాగుంటుందండి."

భర్తే అందుకున్నాడు, నేల వైపు చూస్తూ. "నేనూ అదే అన్నానండి. ఏదైనా తేడా వస్తే ఆయన చెబుతాడు."

ఆ సంగతి కుర్ర డాక్టరుకి చెప్పినప్పుడు అతను కుర్చీలో కూర్చుండిపోయాడు. "మీరు లోపల ఉంటారా మేడమ్?" అన్నాడు. ఉంటానని నాలుక చివరిదాకా వచ్చింది. "బయట ఉంటాను. పిలిస్తే వస్తాను" అన్నాను.

అతను పిలవలేదు. థియేటర్ బయట బెంచీ మీద పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ తలుపుకి ఇటువైపు కూర్చోవడం నాకు అదే మొదటిసారి. అక్కడి నుంచి చూస్తే తలుపు చాలా పెద్దదిగా ఉంటుంది. మీరూ ఎప్పుడైనా ఒకసారి కూర్చుని చూడండి.

చివరికి తలుపు తెరుచుకుంది. అతను మాస్కు కిందికి లాగుతూ వచ్చాడు. "అయిపోయిందండి. లేచారు. పిలిస్తే పలికారు."

పెద్దావిడ లేచి నిలబడి అతని మొహంలోకి చూసింది. "గొంతు బాగానే ఉంటుందా బాబూ?"

"గొట్టం ఒక్కసారికే, నెమ్మదిగా వెళ్ళిందండి. నొప్పి ఉంటుందో ఉండదో నాకు ఇంకా తెలీదు" అన్నాడు. "సాయంత్రం నేనే వచ్చి అడుగుతాను."